వీధి ఫోటోలకు 35 ఎంఎం మేలా, 50 మేలా?

కెమెరా కొత్తగా కొన్నవాళ్లు దానితో పాటు వచ్చే కిట్ లెన్స్ తర్వాత దాదాపు కళ్లు మూసుకుని కొనేది 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్. ఎంఎం అంకె పెరిగేకొద్దీ ఫ్రేమ్‌లో పట్టేది తగ్గుతుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ, స్పష్టంగా వచ్చే లోతు తక్కువ. ఈ 50 చవక, తేలిక, వెనకంతా మసకగా వస్తుంది, ఇంట్లో పిల్లల ఫోటోలు చూసి చుట్టాలు మెచ్చుకుంటారు. దాన్నే పట్టుకుని చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కి వెళ్తే తెలుస్తుంది అసలు ఇబ్బంది. కొట్టులో కూర్చున్నాయన ముఖం వస్తే గాజులు రావు, గాజులు వస్తే బేరమాడే ఆవిడ రాదు. వెనక్కి జరుగుదామంటే వీపుకి ఎవరిదో స్కూటర్ తగులుతుంది.

ఇందులో సగం తప్పు లెన్స్‌ది కాదు, కెమెరా బాడీది. సరదాకి ఫోటోలు తీసేవాళ్ల దగ్గర సాధారణంగా ఉండేది చిన్న సెన్సర్ ఉండే క్రాప్ సెన్సర్ కెమెరా. లెన్స్ మీది అంకెని నికాన్, సోనీ, ఫూజీ అయితే 1.5తో, కెనాన్ అయితే 1.6తో గుణించుకోవాలి. 50 కాస్తా 75 లేదా 80 అయి కూర్చుంటుంది. ఒక్క మనిషి ముఖానికి భేషైన లెన్సే, గల్లీకే ఇరుకు. అందుకే ఇక్కడి నుంచి నేను 28, 35, 50 అంటే పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా లెక్క. క్రాప్ బాడీ ఉన్నవాళ్లు వాటిని వరసగా 18, 24, 35 అనుకుని చదవండి.

ఐదున్నర అడుగుల మనిషి అడ్డ ఫ్రేమ్‌లో తల నుంచి పాదాల దాకా పట్టాలంటే 50తో సుమారు మూడున్నర మీటర్లు దూరం నిలబడాలి. 35తో రెండున్నర చాలు, 28తో రెండే. కాగితం మీద మీటరు తేడా, బజార్లో అదే మొత్తం వ్యవహారం. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో పొద్దున్నే మీకూ ఆకుకూరల గంపకీ మధ్య మూడున్నర మీటర్ల ఖాళీ దొరకదు. దొరికినా ఎవరో ఒకరు అడ్డంగా నడుస్తూనే ఉంటారు. రెండున్నర మీటర్ల దగ్గర మీరు ఎదుటి మనిషికి కనిపిస్తారు, మాట వినిపిస్తుంది. "ఏ పేపర్ల వస్తది బిడ్డా?" అని గంప దగ్గరి ఆవిడ అడుగుతుంది. పాతబస్తీలో అయితే "ఫోటో కాయ్‌కు (ఎందుకు)?" మీరు ఏదో జవాబు చెప్తారు, నవ్వుతారు, వాళ్లు మళ్లీ పనిలో పడతారు. తీయాల్సింది అప్పుడు. 50తో ఈ మాటామంతీ లేకుండానే పని అయిపోతుంది. మొహమాటస్తులకు అదే సుఖం, కాదనను. నేను 35 వైపు మొగ్గేది మాత్రం ఆ మాటల కోసమే.

అలాగని 50ని తీసిపారేయలేం. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ దాదాపు ఎప్పుడూ తన లైకా కెమెరాకి 50 తగిలించే తిరిగాడు. 1948 జనవరిలో గాంధీ అంతిమయాత్రని తీసినాయన ఆయనే. అనవసరమైనదాన్ని బయట పెట్టేసి, గీతలూ నీడలూ కుదిరిన చోట నిలబడి, మనిషి అందులోకి నడిచి వచ్చే దాకా కాచుకునే పద్ధతికి 50ని మించింది లేదు. మక్కా మసీదు ముంగిట్లోనో, విశాఖ బీచ్ రోడ్డు మీదో, వెనక్కి జరగడానికి చోటున్న చోట నేనూ 50కే ఓటేస్తాను.

28 సంగతి వేరు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ న్యూయార్క్ ఫుట్‌పాత్‌ల మీద దాన్ని అద్భుతంగా వాడాడు. మన వీధుల్లో 28 పెడితే మనిషితో పాటు కేబుల్ వైర్లు, నాయకుడి జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ, దాని అంచున వరసగా అనుచరుల ముఖాలు, అన్నీ పిలవని పేరంటంలా వచ్చేస్తాయి. వాటినే విషయంగా మలచగల కన్ను ఉంటే తీసుకోండి. ఫోన్ మెయిన్ కెమెరా కూడా ఇంచుమించు ఆ వెడల్పే కాబట్టి, కొనకముందే దానితో తీసి చూడొచ్చు.

ఫోకస్ విషయంలోనూ 35కి మార్కులు ఎక్కువే. ఎఫ్/8 దగ్గర రెండున్నర మీటర్లకు ఫోకస్ పెట్టి వదిలేస్తే, 35లో సుమారు 1.7 నుంచి 4.9 మీటర్ల దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. 50లో అది 2 నుంచి 3.3 దాకానే. కంటిని పట్టే ఆటోఫోకస్ ఉండగా ఈ లెక్కలెందుకంటారా? గుంపులో అది మీరు కోరిన కంటినే పట్టుకుంటుందన్న పూచీ లేదు.

ఇక జూమ్. 18-55 కిట్ లెన్స్‌ని చిన్నచూపు చూడకండి, పగటిపూట అది ఏ ప్రైమ్‌కీ (జూమ్ లేని లెన్స్‌కీ) పెద్దగా తీసిపోదు. రంజాన్ రాత్రి బజారులోనే తేడా తెలిసేది. 24 దగ్గర (ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 35) అది సుమారు ఎఫ్/4 దగ్గరే ఆగుతుంది, ఎఫ్/2 ప్రైమ్ నాలుగింతల వెలుగు లోపలికి పంపుతుంది. నడిచే మనిషి చెదరకుండా రావడానికి షట్టర్ వేగం 1/250 సెకను పెడితే, ప్రైమ్‌కి ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 1600తో సరిపోయేచోట కిట్ లెన్స్ 6400 అడుగుతుంది.

దూరాన్ని దగ్గరకి లాగే 70-200 జూమ్ నాకు వీధిలో నచ్చదు. దూరం నుంచి తెలియకుండా తీసిన ముఖాలు తీసిన తీరులోనే దొరికిపోతాయి. లష్కర్ (సికింద్రాబాద్) బోనాలకు మాత్రం మినహాయింపు. ఉజ్జయినీ మహంకాళి గుడి దారిలో పోతరాజు కొరడా తిప్పుతుంటే ఆ వలయంలోకి 35తో దూరడం తెగువ కాదు, ఆయనకి అడ్డం పడటం.

ఒకటే కొనగలిగితే 35 (క్రాప్ బాడీకి 24) కొనండి. చాలకపోతే కోసుకోవచ్చు. 24 మెగాపిక్సెళ్ల ఫోటోని 50 ఫ్రేమ్‌కి కత్తిరించినా సుమారు 12 మిగులుతాయి. 50లో పట్టనిదాన్ని తర్వాత ఎవరూ తెచ్చి అతికించలేరు.

డబ్బు పెట్టే ముందు, కిట్ లెన్స్ జూమ్ రింగుని 24 గుర్తు దగ్గర టేపుతో బిగించి కొన్నాళ్లు తిరగండి. ఇంటికొచ్చి ప్రతి ఫోటో అంచులూ కోయాల్సి వస్తుంటే మీకు క్రాప్ బాడీ మీద 35 ఎంఎం లెన్స్ సరిపోతుంది. పదే పదే గోడకి వీపు ఆనుతుంటే 18 వైపు చూడండి. రెండూ లేకపోతే 23 లేదా 24 ప్రైమ్, కుదిరితే సెకండ్ హ్యాండ్‌లో. కొట్టులోనే లైటుకి ఎదురుగా పెట్టి లోపల బూజు లేదని చూశాకే డబ్బులివ్వండి.