ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ కొంటున్నారా? ప్యాక్ గట్టిగా ఉందని మురిసిపోకండి

ఒళ్లు మండిపోతోంది. చల్లారాక రాద్దామనుకుంటే ఇక రాయనేమో, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

అక్వేరియం చేపలకు గడ్డకట్టించిన మేత అమ్మే ఆ సెల్లర్ ఎవరో మీలో సగం మందికి తెలిసే ఉంటుంది. డ్రై ఐస్ డబ్బాల ఫోటోలు, మేత పడగానే చేపలు ఎగబడే వీడియోలు, కింద పొగడ్తలే పొగడ్తలు. నేనూ అవి చూసే పడ్డాను. బ్లడ్‌వార్మ్స్ (చేపలకు మేతగా వేసే సన్నటి ఎర్ర పురుగులు), బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటిలో పెరిగే చిట్టి రొయ్యల్లాంటివి) తెప్పించాను. డబ్బా తెరిస్తే అన్నీ గడ్డకట్టి రాళ్లలా ఉన్నాయి, డ్రై ఐస్ కూడా ఇంకా మిగిలే ఉంది. ఆహా, ఏం ప్యాకింగ్ అనుకున్నాను. పొగడ్తల్లో నాదీ ఒకటి చేర్చాను కూడా!

బ్రైన్ ష్రింప్‌కి వంక పెట్టను, బాగానే ఉంది. గొడవంతా బ్లడ్‌వార్మ్స్‌తోనే. క్యూబులు తీసి, ట్యాంక్ నీళ్లు పోసిన కప్పులో వేశాను. మంచి సరుకైతే కరిగాక ఎర్రగా, దేనికది విడివిడిగా తేలాలి. ఆ పురుగుల ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టే ఆ ఎరుపు. ఇవేమో గోధుమ రంగు ముద్ద. సగానికి సగం లోపల ఏమీ లేని తొక్కలే. వాసన కూడా తేడాగానే కొట్టింది. ఫ్రోజెన్ ఫుడ్ అన్నాక నీచు వాసన రాదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, వలలో వడకట్టి, కడిగి మరీ వేశాను. నా తెలివికి ఒక దండం. నా ఏంజెల్ చేపలేమో నోట్లోకి తీసుకోవడం, ఉమ్మేయడం. చేపకు తెలిసింది నాకు తెలియలేదు.

తినకుండా వదిలేసింది కొంత సైఫన్‌తో లాగాను. మిగతాది చెక్క కింద, గులకరాళ్ల సందుల్లో ఉండిపోయింది. తెల్లారేసరికి నీళ్లు తెల్లగా మసకబారిపోయాయి, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి ఊపిరికి కొట్టుకుంటున్నాయి. అమోనియా టెస్ట్‌లో ఎప్పుడూ పసుపుగా ఉండే ట్యూబ్ ఆకుపచ్చగా మారింది, అంటే నీళ్లలో చేపలకు విషమైన అమోనియా పెరిగిందన్నమాట. సగం నీళ్లు మార్చి, ఎయిర్ పంప్ ఫుల్‌లో పెట్టి, మేత ఆపేశాను. అయినా జతలోని ఆడ ఏంజెల్, దాంతో పాటు రెండు కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు) పోయాయి. ఆ జత గుడ్లు పెట్టడం అప్పుడే మొదలుపెట్టింది.

అప్పుడు రెండో ప్యాక్ తీసి వెలుతురులో పట్టుకుని చూశాను. సరిగ్గా గడ్డకట్టించిన బ్లిస్టర్‌లో (మాత్రల అట్టలా గడులున్న ప్యాక్) ప్రతి గడీ సమంగా నిండి ఉంటుంది. ఇందులో ప్రతి క్యూబూ ఒకే పక్కకి జారి గడ్డకట్టింది. పై అంచున ఖాళీ, అక్కడ తెల్లటి మంచు పలుకులు. కింది అంచున ఎర్రటి నీరు విడిగా గడ్డకట్టి ఉంది. అంటే ప్యాక్ నిలబెట్టి ఉండగా పూర్తిగా కరిగింది, అలాగే నిలబడి మళ్లీ గడ్డకట్టింది. కరగకుండా క్యూబులన్నీ కూడబలుక్కుని ఒకే వైపు జరగవు కదా.

ఫోటోలు పంపాను. "కొరియర్‌లో కరిగి ఉంటుంది మేడమ్, అది మా చేతిలో లేదు" అని జవాబు.

"నాకు గట్టిగానే వచ్చింది సర్. దారిలో కరిగితే మళ్లీ గడ్డకట్టించింది ఎవరు? కొరియర్ అబ్బాయి బండి మీద ఫ్రీజర్ కూడా పెట్టుకుని తిరుగుతున్నాడా?" అన్నాను.

టైపింగ్ అని వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. నేను ఫోన్ చూస్తూ అలాగే కూర్చున్నాను. సారీ చెప్తాడేమో, ఏదో పొరపాటు జరిగిందంటాడేమో అని ఎక్కడో ఆశ. చివరికి వచ్చింది ఇదీ: "కరెంటు పోతే ఎవరి ఫ్రీజర్ అయినా కరుగుతుంది. దానికింత రాద్ధాంతమా? చెరువులో చేపలు ఏం తింటాయో ఎప్పుడైనా చూశారా? బురదలో పురుగులు. వాటికి లేని బాధ మీకెందుకు?"

అంటే తెలుసన్నమాట! కరిగిందని తెలుసు. తెలిసే మళ్లీ గడ్డకట్టించి, డ్రై ఐస్ పేర్చి, నవ్వుతున్న చేప బొమ్మ స్టిక్కర్ అంటించి పంపాడు. కాసేపటికి ఆ మెసేజ్ డిలీట్ చేశాడు. స్క్రీన్‌షాట్ అప్పటికే తీసుకున్నాను లెండి. ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. పోయిన చేపల గురించి ఒక్క ముక్క లేదు, రిఫండ్ మాటే లేదు.

చెరువు చేప తినేది బతికున్న పురుగుని మహానుభావా, కుళ్లిన పురుగుని కాదు. గడ్డకట్టిస్తే బ్యాక్టీరియా అంతా చావదు, చాలావరకు ఊరికే ఆగి ఉంటుంది. కరిగి వెచ్చబడితే మళ్లీ పెరుగుతుంది. ఆ తర్వాత ఎంత గట్టిగా గడ్డకట్టించినా కుళ్లింది వెనక్కి పోదు. పైగా మామూలు ఫ్రీజర్‌లో నెమ్మదిగా గడ్డకడితే పెద్ద పెద్ద మంచు పలుకులు ఏర్పడి పురుగు కణాలు చిట్లిపోతాయి. కరిగించగానే లోపలి సారమంతా నీళ్లపాలు, మనకు మిగిలేది తొక్క. ఇంత చెప్పినా ఆయనకి ఎక్కదు, ఆయన ఫ్రీజర్‌లో ఇంకెన్ని ప్యాక్‌లు ఉన్నాయో.

సరే, కొనేవాళ్లు కాస్త చూసుకోండి. డబ్బా తెరుస్తూ వీడియో తీయండి, ప్యాక్‌ని వెలుతురుకి ఎత్తి క్యూబులు ఒక పక్కకి జారాయేమో చూడండి. మొదటి క్యూబ్‌ని కప్పులో కరిగించి రంగు, వాసన చూడకుండా ట్యాంక్ దగ్గరికి వెళ్లకండి. ఇంట్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచండి, ఒకసారి కరిగింది మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకండి. ఇంకోటి, బ్లడ్‌వార్మ్స్‌ని ఉత్త చేతులతో ముట్టుకోకండి. కొందరికి ఎలర్జీ వచ్చి దురద, తుమ్ములు, ఆయాసం దాకా పోతుంది.

స్క్రీన్‌షాట్ కావాలంటే అడగండి, పంపిస్తాను.