12 ఏళ్ళ తరువాత మళ్ళీ ‘గెన్‌షికెన్’

కియో షిమోకు రాసి గీసిన ‘గెన్‌షికెన్’ మాంగాను (జపాన్ బొమ్మల కథను) నేను మొదటిసారి 2013లో, ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉండగా చదివాను. అప్పటి నుంచి ఇప్పటి వరకు మొదటి 9 సంపుటాలను ఐదుసార్లు, తరువాతి 12 సంపుటాలను రెండుసార్లు పూర్తిగా చదివాను. మధ్య మధ్య ఏదో ఒక అధ్యాయం తెరిచి, నిద్ర పట్టేదాకా చదువుకున్న రాత్రులకు లెక్క లేదు. మొదటిసారి చదివిన ఉత్సాహంలోనే సమీక్ష రాసి ఉంటే, ఇది మంచి హాస్యకథ అని మాత్రమే చెప్పి ఊరుకునేవాణ్ణి. ఇన్నేళ్ళ చదువు తరువాత నాకు కనిపించినది వేరు. ఒకరికొకరు ఏ మాత్రం సరిపడని మనుషులను ఒకే గదిలో నాలుగేళ్ళు కూర్చోబెట్టి, ఎవరినీ మార్చకుండానే వారి మధ్య స్నేహాన్నీ ప్రేమనూ పుట్టించిన కథ ఇది.

కథ జరిగేది షీయో అనే కల్పిత విశ్వవిద్యాలయంలో. తోక్యో శివార్లలో హచియోజిలో ఉన్న చూవో విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని చూసి గీసినందువల్ల మెట్లూ వరండాలూ విద్యార్థి సంఘాల గదులున్న భవనమూ అన్నీ నిజమైన చోట్లలాగే అనిపిస్తాయి. ఆ భవనంలోని ఒక ఇరుకు గది ‘ఆధునిక దృశ్య సంస్కృతి అధ్యయన సంఘం’ వారిది. జపనీస్‌లో ఉన్న ఆ పొడుగాటి పేరును కుదిస్తే వచ్చే మాటే గెన్‌షికెన్. పేరు ఎంత గంభీరంగా ఉన్నా, ఆ గదిలో జరిగేదల్లా మాంగాలు చదవడం, వీడియో గేములు ఆడడం, ‘గుండం’ ధారావాహికలోని రోబోల బొమ్మలు అతికించడం, అర్ధరాత్రి ప్రసారమయ్యే అనిమే (జపాన్ యానిమేషన్) గురించి గంటల తరబడి వాదించుకోవడం. ఇటువంటి అభిరుచులలో నిలువునా మునిగిపోయిన వారిని అక్కడ ఒటాకులంటారు. కొత్తగా కాలేజీలో చేరిన ససాహరా తాను కూడా ఒటాకునేనని ఒప్పుకోలేక, అలాగని దూరంగా ఉండలేక, సంకోచిస్తూ ఆ గది తలుపు తడతాడు. సీనియర్లు ఏదో వంక పెట్టి అతన్ని గదిలో ఒంటరిగా వదిలి వెళ్ళి, వేరే గది కిటికీలోంచి అతడేం చేస్తాడా అని కాపు కాస్తారు. చుట్టూ ఎవరూ లేరనుకొని అతడు చూడకూడదనుకున్న పుస్తకం తీసి చూడగానే అందరూ ఒక్కసారిగా లోపలికి వచ్చేస్తారు. ర్యాగింగ్ భయంతో హాస్టల్లో మొదటి నెల గడిపిన నాకు ఆ ఘట్టం చూసి మొదట గుండె జారింది. కానీ అక్కడ ఎవరూ అతన్ని అవమానించరు. నువ్వూ మాలాంటివాడివే అని చెప్పడానికి వారికి తెలిసిన దారి అదొక్కటే.

ఈ గుంపులో పొసగని మనిషి కసుకబే సాకి. ఆమె ఒటాకు కాదు. మంచి బట్టలు కట్టుకోవడం, ఊరంతా తిరగడం, ఎవరినైనా ముఖం మీదే నిలదీయడం ఆమె స్వభావం. చిన్నప్పటి స్నేహితుడు కోసాకా కాలేజీలో మళ్ళీ కనిపించగానే ప్రేమలో పడుతుంది. అతడు సినిమా హీరోలా ఉంటాడు, తీరా చూస్తే ఆ గదిలో అందరికన్నా ముదిరిన ఒటాకు అతడే. సాధారణంగా ఇటువంటి ప్రేమకథల్లో అబ్బాయి మారతాడు, లేదా అమ్మాయి అతని లోకంలోకి నడిచి వస్తుంది. ఇక్కడ రెండూ జరగవు. సాకి మొదట్లో ఆ సంఘాన్నే మూయించాలని చూస్తుంది, తరువాత విసుక్కుంటూ భరిస్తుంది, చివరికి ఆ గదికి వస్తూ ఉండడం ఆమెకు అలవాటైపోతుంది. ఒటాకు మాత్రం ఎన్నటికీ కాదు. కోసాకా కూడా ఆమె కోసం ఒక్క గేమునూ వదులుకోడు. అయినా వారిద్దరూ కలిసే ఉంటారు. అంత తేడా ఉన్న ఇద్దరు ఎందుకు విడిపోలేదని రచయిత ఎక్కడా ఉపన్యాసం ఇవ్వకపోవడం ఈ మాంగాలో నేను మొదట గుర్తించని, ఇప్పుడు ఎంతో గౌరవించే సంగతి.

సాకి నిర్లక్ష్యంగా వదిలిన సిగరెట్ వల్ల ఒకసారి భవనం దగ్గరి చెత్తకు నిప్పంటుకుంటుంది, ఫలితంగా సంఘం గది కొంతకాలం మూతపడుతుంది. ఆ గది పోవాలని కోరుకున్న అమ్మాయే ఆ గది పోయినందుకు ముఖం చెల్లక తిరుగుతుంది. కాలేజీ పండుగలో ఒక మాంగా పాత్రలా వేషం కట్టడానికి ఆమె ఒప్పుకోవడం ఆ తప్పుకు పరిహారంగానే. హాస్యం కోసం పెట్టిన ఘట్టంగా కనిపించినా, సాకి వారి మనిషి అయింది అక్కడే అని మూడో చదువులో గాని నాకు అర్థం కాలేదు.

ఇక సంఘంలోని సీనియర్ మదరమే గురించి కొంత విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఈ పుస్తకాలను మళ్ళీ మళ్ళీ తెరిచేది ఎక్కువగా అతని కోసమే. బక్కపలుచని ఒళ్ళు, గుండ్రటి కళ్ళద్దాలు, నోరు తెరిస్తే ఒటాకు ధర్మం మీద ప్రసంగాలు. సాకితో అందరికన్నా ఎక్కువగా పోట్లాడేది అతడే, ఆమెను మనసులో పెట్టుకొని ఎవరికీ చెప్పుకోలేనిదీ అతడే. ఒక అధ్యాయమంతా గదిలో ఆ ఇద్దరే ఉంటారు. ఏం మాట్లాడాలో తెలియక, ప్రేమ గేముల్లో తెర మీద కనిపించే జవాబుల జాబితాను మనసులో ఊహించుకుంటూ అతడు ఒక్కో మాటను తూచుకుంటూ ఉంటాడు. అంతలో ఆమె ముక్కులోంచి ఒక వెంట్రుక బయటికి కనిపిస్తుంది. చెబితే ఆమెకు అవమానం. చెప్పకపోతే ఆమె అలాగే బయటికి వెళ్ళి నలుగురిలో తిరుగుతుంది. ఈ చిన్న చిక్కు మీదనే కియో షిమోకు పేజీల తరబడి కథ నడిపిస్తాడు. ఒక గడిలో మదరమే చెమటలు, మరో గడిలో ఏమీ ఎరగని సాకి ముఖం, ఇంకో గడిలో గోడలూ కుర్చీలూ తప్ప మరేమీ లేని మౌనం. నా చెల్లెలు ఈ అధ్యాయం చదువుతున్నప్పుడు మొదట పగలబడి నవ్వింది, తరువాత పుస్తకం ఒళ్ళో పెట్టుకొని, “అన్నయ్యా, పాపం, ఇతను ఆమెకు ఎప్పటికీ చెప్పలేడు కదా” అంది. ముక్కు వెంట్రుక గురించి అన్నదో, ప్రేమ గురించి అన్నదో నేను అడగలేదు. రెండూ ఒకటేనని ఆ అధ్యాయం చదివినవారందరికీ తెలుస్తుంది.

చదువు పూర్తయ్యాక మదరమే విశ్వవిద్యాలయానికి దగ్గరలోనే ఉద్యోగం చూసుకుంటాడు. మధ్యాహ్నం భోజనం పొట్లం పట్టుకొని ఆ గదికి రావడానికి వీలుగా ఉంటుందని. 22 ఏళ్ళ వయసులో చదివినప్పుడు ఇదొక హాస్యపు ముక్కగా అనిపించింది. ఉద్యోగంలో చేరి, స్నేహితులందరూ తలో ఊరికి చెదిరిపోయి, సెలవు రోజున పాత హాస్టల్ వీధి దాకా ఊరికే వెళ్ళి వచ్చిన తరువాత చదివితే ఆ పేజీ దాటడానికి చాలాసేపు పట్టింది.

ఇక్కడే ఈ మాంగాకున్న అసలైన బలం ఉంది. ‘ఆఫ్టర్‌నూన్’ మాసపత్రికలో దీని మొదటి భాగం 2002లో మొదలై 2006లో ముగిసింది. కథలో కూడా ససాహరా చేరిన రోజు నుంచి పట్టా పుచ్చుకునే రోజు వరకు గడిచేది నాలుగేళ్ళే. అంటే నెలనెలా పత్రిక కొని చదివిన జపాన్ విద్యార్థి ఒకడు ససాహరాతో పాటే కాలేజీలో చేరి, అతనితో పాటే బయటికి వచ్చి ఉంటాడు. చాలా హాస్య మాంగాల్లో పాత్రలు ఎన్ని వేసవులు గడిచినా అదే తరగతిలో ఉంటాయి. ఇక్కడ మాత్రం సంఘాధ్యక్షుడు మారతాడు, సీనియర్లు వెళ్ళిపోతారు, జూనియర్లు వస్తారు, గదిలో కూర్చునేవారి స్థానాలు మారతాయి. మొదట్లో నోరు విప్పని ససాహరాయే తరువాత అధ్యక్షుడై, సంఘం తరఫున సొంతంగా ఒక మాంగా అచ్చు వేసి, నిజజీవితంలోని కామిక్ మార్కెట్‌ను పోలిన ‘కామిఫెస్’ అనే పెద్ద సంతలో అమ్మాలని పట్టుబడతాడు. బొమ్మలు గీయాల్సిన కుగయామా గడువు దాటినా పని ముగించడు. ఎప్పుడూ మెత్తగా ఉండే ససాహరా అప్పుడు గొంతు పెంచడం, ఎదుటివాడు తల దించుకోవడం, గదిలో అందరూ బిగుసుకుపోవడం చూస్తుంటే, స్నేహితులతో కలిసి ప్రాజెక్టు పని చేసిన ఎవరికైనా ఆ రోజులు కళ్ళ ముందు కదులుతాయి.

ససాహరాకూ తరువాత చేరిన జూనియర్ ఒగివేకూ మధ్య నడిచే ప్రేమ మొదటి 9 సంపుటాల్లో చివరిది, నా దృష్టిలో ఉత్తమమైనది కూడా. ఒగివే తన పరిచయంలోనే ఒటాకులంటే అసహ్యమని చెబుతుంది. కానీ రహస్యంగా అబ్బాయిల మధ్య ప్రేమకథలు ఊహించి గీసేది ఆమే. బడిలో ఉన్నప్పుడు తోటి విద్యార్థి మీద అటువంటి కథ గీయడం, అది బయటపడి అతడు బడి విడిచి వెళ్ళిపోవడం ఆమెను ఇంకా వెంటాడుతూ ఉంటాయి. తనకు ప్రేమించే అర్హత లేదని ఆమె గట్టిగా నమ్ముతుంది. వేసవిలో అందరూ కలిసి కరుయిజావాకు విహారయాత్ర వెళ్ళినప్పుడు ఆ పాత గాయం బయటికి వస్తుంది. తరువాత ఆమె ససాహరానూ మదరమేనూ జంటగా ఊహించి గీసిన బొమ్మలను స్వయంగా ససాహరా చేతికే ఇస్తుంది. ఇవన్నీ చూశాక కూడా నన్ను ఇష్టపడగలవా అని అడగడమే అది. తన మనసులో అందరికన్నా ఎక్కువగా సిగ్గుపడే మూలను ఎదుటివాడి ముందు తెరిచి పెట్టే ఇంతటి ధైర్యాన్ని నేను మరే ప్రేమకథలోనూ చూడలేదు. అతని జవాబు చదివే తెలుసుకోవాలి.

లోపాలు లేవని అనను. కుచికి అనే పాత్ర ప్రతిసారీ ఒకే తరహా చేష్టలతో విసిగిస్తాడు, ఐదో చదువులో అతడున్న పేజీలను నేను దాటవేశాను. సంఘంలోని మరో అమ్మాయి ఓనోకు మాంగా పాత్రల వేషాలు కట్టడంలో ఉన్న శ్రద్ధనూ నైపుణ్యాన్నీ చక్కగా చూపిన రచయిత, కొన్ని చోట్ల ఆమె శరీరాన్ని చూపడానికే ఆమెను గదిలోకి తెచ్చాడేమో అనిపిస్తుంది. పెద్దలకు మాత్రమే అమ్మే పుస్తకాలూ గేముల ప్రస్తావన కథ నిండా ఉంటుంది కాబట్టి స్కూలు పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు. మొదటి రెండు సంపుటాల్లో 2000 ప్రాంతపు గేముల, అనిమేల గురించిన చమత్కారాలు దట్టంగా ఉంటాయి. వాటిలో సగం నాకు మొదటి చదువులో అందలేదు. అవి అందకపోయినా మనుషుల మధ్య జరిగేది మాత్రం తప్పకుండా అందుతుంది, అందుకని అక్కడ ఆగిపోవద్దని కోరుతాను.

2010 నుంచి 2016 వరకు వచ్చిన రెండో భాగం విషయంలో నా అభిప్రాయం అంత స్థిరంగా లేదు. ఒగివే అధ్యక్షురాలు కాగా యజిమా, యోషిటకే, అమ్మాయి వేషంలో వచ్చే అబ్బాయి హతో చేరడంతో గదిలోని మాటల తీరే మారిపోతుంది. హతో తనను తాను అర్థం చేసుకోవడానికి పడే తపనను రచయిత ఓపికగా రాశాడు. మదరమే ఎట్టకేలకు సాకి ముందు మనసు విప్పే అధ్యాయం కూడా ఈ భాగంలోనే ఉంది. ఆమెకు ఆ సంగతి ఏనాటి నుంచో తెలుసు, జవాబు కాదనే వస్తుంది, అయినా ఇద్దరూ ఒకరి గౌరవాన్ని మరొకరు కాపాడుకుంటారు. ఆ ఒక్క అధ్యాయం కోసం రెండో భాగం కొనవచ్చు. కానీ ఆ తరువాత మదరమే చుట్టూ నలుగురైదుగురు ప్రేమించేవారిని చేర్చి సాగదీసిన సంపుటాల్లో, మొదటి భాగంలో గడిచినట్టు కాలం గడవదు. ఒక్కో నిర్ణయానికి సంపుటం చొప్పున పడుతుంది.

అనిమే రూపంలో 2004, 2007, 2013 సంవత్సరాల్లో మూడు విడతలు వచ్చాయి. మొదటి విడత బాగుంది, ముఖ్యంగా గదిలోని రొద వినిపించడం కొత్త ఆనందం. అయితే నేను పైన చెప్పిన కరుయిజావా ఘట్టం తెర మీదికి రాలేదు కాబట్టి, కేవలం అనిమే చూసినవారికి ససాహరా, ఒగివే ఎలా దగ్గరయ్యారో తెలియకుండా పోతుంది.

కొనదలచినవారికి ఒక మాట. ఇంగ్లీషులో మొదటి భాగం విడివిడిగా 9 పుస్తకాలుగానూ, తరువాత 3 మందపాటి పుస్తకాలుగానూ వచ్చింది. నా దగ్గర ఉన్నవి ఆ మూడు. పడుకొని చదవడానికి బరువే, అయినా ఒక ఏడాదికి పైగా సాగే కథ ఒకే చోట దొరుకుతుంది. నేను కొన్నప్పుడు ఆన్‌లైన్ అమ్మకందారు ఒకరు మొదటి పుస్తకానికి బదులు రెండోదే రెండుసార్లు పంపారు, సరైనది చేతికి రావడానికి నెల పట్టింది. ఆ అదనపు ప్రతిని హాస్టల్లో మా పక్క గది మిత్రుడికి ఇచ్చాను. కథ మొదలు తెలియకుండా మధ్యలోంచి చదివి, “ఈ కళ్ళద్దాల అతనికి ఆ అమ్మాయితో పెళ్ళవుతుందా?” అని ఆ రాత్రే వచ్చి తలుపు తట్టాడు.