పికప్ ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు గాలి పీల్చే మూతి మార్చి మూడేళ్లు: ఏం కలిసొచ్చింది, ఏం చేయకూడదు

నా బండి 2018 మోడల్, బీఎస్4, రెండున్నర లీటర్ల టర్బో డీజిల్ పికప్. చిత్తూరు నుంచి పలమనేరుకు దాణా మూటలు తోలతాను, దిగేటప్పుడు టమోటా, కూరగాయలు. జూన్, జూలై వచ్చిందంటే తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ. లోడుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరులో ఊపు తగ్గి, వెనక నల్లపొగ వచ్చేది. డీజిల్ కాలడానికి గాలి చాలనప్పుడు వచ్చే పొగ అది.

"అన్నా, డబ్బాకు నాలుగు తూట్లు కొడదాం, బండి ఎగిరిపోతుంది" అన్నాడు ఒక మెకానిక్. కొట్టించాను. శబ్దం బాగా పెరిగింది. శబ్దం పెరిగితే బలం పెరిగినట్టే అనిపిస్తుంది, కానీ ఘాట్‌లో తేడా ఏమీ రాలేదు. థర్మామీటర్ పెట్టి చూస్తే కారణం తెలిసింది. బయట 39 డిగ్రీలు, తూట్ల దగ్గర 58. చల్లగాలి బదులు ఇంజన్ వేడినే మళ్లీ మింగుతోంది. గాలి పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు మూడు శాతం పలచబడుతుంది. పైగా మామిడి తోటల మట్టిబాటలో ఫిల్టర్ నెల తిరక్కుండానే మూసుకుపోయింది. పాత సామాన్ల అంగడిలో డబ్బా కింది సగం వెతికి తెచ్చి మార్చేశాను.

ఆ తర్వాత ఊహలు మానేసి కొలవడం మొదలుపెట్టాను. ఇలాంటి పని చేయాలనుకునేవాళ్లు ముందు ఈ ఒక్కటి చేయండి. సన్నని పారదర్శక ప్లాస్టిక్ ట్యూబును యూ ఆకారంలో ఒక చెక్కకు కట్టి, అందులో రంగునీళ్లు పోయాలి. ఒక కొసను ఫిల్టర్ దాటాక టర్బోకు, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకాకు, వెళ్లే పైపుకు కలపాలి. నేను అసలు పైపును ముట్టుకోలేదు, పాతదొకటి కొని దానికే చిన్న నాజిల్ బిగించాను. ట్యూబు నాలుగడుగుల ఎత్తయినా ఉండాలి, లేకపోతే నీళ్లు ఇంజన్‌లోకి పోతాయి. రెండు వైపులా నీటిమట్టాల మధ్య తేడా ఎంత ఎక్కువుంటే, గాలి లాక్కోవడానికి ఇంజన్ అంత కష్టపడుతున్నట్టు.

ఘాట్‌లో తమ్ముడు పక్క సీట్లో కూర్చుని చదివాడు. పాత ఫిల్టర్‌తో 13 అంగుళాలు, కొత్తది వేస్తే 12. డబ్బాలోకి గాలి పీల్చే మూతి ఊడదీసి చూస్తే ఏడున్నర! అడ్డు ఫిల్టర్‌లో లేదు, మూతిలో ఉంది. ఈ ఇంజన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర టర్బో ఒత్తిడి లెక్కేయకుండానే నిమిషానికి 3,750 లీటర్ల గాలి తాగుతుంది. టర్బోకు వెళ్లే పైపు వైశాల్యం 33 చదరపు సెంటీమీటర్లు, మూతిది 20 మాత్రమే. కంపెనీ తప్పు చేసిందని మాత్రం అనను. శబ్దం తగ్గించడానికి, నీళ్లు రాకుండా ఉండడానికి మూతి అలా సన్నగా పెడతారు. పెద్ద డీజిల్ ఇంజన్లకు 25 అంగుళాల దాకా హద్దు చెప్తారు కాబట్టి 13 ప్రమాదమేమీ కాదు.

మూతి ఒక్కటే మార్చాను. హెడ్‌లైట్ వెనక, మడ్‌గార్డు పక్కన చల్లగాలి తగిలే చోటు నుంచి వెడల్పు పైపు వేసి, కొస కిందికి తిప్పాను. ఎత్తు మాత్రం పాత మూతి ఎత్తే. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పుడు నీళ్లు తాగి ఆగిపోయిన బండ్లు చూశాను. సిలిండర్‌లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ భయంతోనే ఒక్క అంగుళం కూడా దించలేదు. మొదట వేసిన పీవీసీ పైపు ఎండాకాలంలో మెత్తబడి నొక్కుకుపోయింది. ఇప్పుడున్నది లోపల తీగచుట్టు ఉన్న రబ్బరు హోస్. మొత్తం ఖర్చు 1,450 రూపాయలు.

మధ్యలో నూనె రాసే కాటన్ ఫిల్టర్ కూడా నాలుగు నెలలు వాడాను. ఒకరోజు టర్బో ముందున్న పైపులో తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే సన్నని ఎర్రదుమ్ము అంటుకుంది. ఆ దుమ్మే టర్బో రెక్కల్ని, పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. ఆ నూనె గాలిని కొలిచే సెన్సర్‌కు అంటితే ఇంకో టెన్షన్. అదే రోజు కాగితం ఫిల్టర్ వేసేశాను. మన దుమ్ముకు అదే సరి. ఫిల్టర్ దాటిన తర్వాతి పైపు, సెన్సర్ జోలికి అసలు పోవద్దు. వారంటీలో ఉన్న బండికైతే ఏ మార్పూ వద్దు.

మార్చాక ఘాట్‌లో 8 అంగుళాలు చూపించింది. మూడేళ్లు, 92 వేల కిలోమీటర్లు తిరిగాను. ఎక్కుడులో నల్లపొగ బాగా తగ్గింది, మూడో గేరు ఇంకాస్త దూరం నిలబడుతోంది. మైలేజీ 12.1 నుంచి 12.4కు వచ్చింది. అందులో టైర్ గాలి వాటా ఎంతో, దీని వాటా ఎంతో చెప్పలేను. చదును రోడ్డు మీద ఏ తేడా లేదు. చెన్నై హైవేలో మాత్రమే తిరిగే బండికి ఈ ఖర్చు దండగ.

పోయిన వారం మళ్లీ ట్యూబు పెట్టి చూస్తే 10 వచ్చింది. ఫిల్టర్ మార్చాను, హోస్ వంపు దగ్గర చిన్న పగులు కనిపించింది. కాయ సీజన్ మొదలయ్యేలోపు అది కూడా మార్చాలి.