జాగ్రత్త: బిల్లింగ్ ఇంజనీర్ కోర్సు, జాబ్ గ్యారంటీ అంటూ నా 68,000 ఇలా పోయాయి

సివిల్ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు, హైదరాబాద్ వెళ్లి క్వాంటిటీ సర్వే (ఏ సరుకు ఎంత పడుతుందో లెక్క తీయడం), బిల్లింగ్ (చేసిన పని కొలిచి బిల్లు వేయడం), రెవిట్, ప్రిమావెరా లాంటి సాఫ్ట్‌వేర్లు నేర్చుకుందామని అనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు పెట్టొద్దని లాయర్ గారు గట్టిగా చెప్పారు. పేరు తెలిసినా మీకు పెద్దగా ఉపయోగం లేదు. బోర్డు ఎవరిదైనా పద్ధతి ఇదే అయితే జరిగేదీ ఇదే.

మాది కోదాడ దగ్గర ఒక ఊరు. నాయన తాపీ మేస్త్రి. నేను 2023లో బీటెక్ సివిల్ అయిపోయి, ఏడాదిపాటు ఒక చిన్న కాంట్రాక్టర్ దగ్గర 13,000 జీతానికి సైట్ చూశాను. లెక్కలు రాయడం, లేబర్ హాజరు వేయడం, కంకర లారీ వస్తే సంతకం పెట్టడం, అంతే పని. బిల్లింగ్ సైడ్ వెళ్తే ఆఫీసులో కూర్చోవచ్చు, జీతమూ బాగుంటుంది అని సీనియర్లు అన్నారు. అప్పుడే ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. ‘మూడు నెలల కోర్సు, నూరు శాతం జాబ్ గ్యారంటీ, ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసు.’ ఈ మూడో ముక్కకే పడిపోయాను.

అమీర్‌పేటలో దిగి, మైత్రీవనం దాటి, ఒక బిల్డింగ్ మూడో అంతస్తుకు వెళ్లాను. లిఫ్ట్ పనిచేయట్లేదు. గోడ మీద ‘12 ఏళ్ల అనుభవం’ అని పెద్ద అక్షరాలు. కౌన్సిలర్ మేడమ్ ఫీజు 85,000 అని చెప్పి, నా మొహం చూసి, ‘ఈరోజు జాయిన్ అయితే 68,000కి మేనేజ్‌మెంట్‌తో మాట్లాడతాను’ అంది. లోపలికెళ్లి రెండు నిమిషాల్లో వచ్చి ‘ఓకే అన్నారు’ అని చెయ్యి కలిపింది. మా బ్యాచ్‌లో 31 మందిమి. తర్వాత అడిగితే అందరికీ ఆ 68,000 అలాగే ‘మాట్లాడి’ ఇప్పించిందని తెలిసింది. డెమో క్లాసు మాత్రం నిజంగా బాగుంది. పెద్ద కంపెనీలో చేసొచ్చిన ఒక సార్ ఒక గంట చెప్పారు. ఆ సార్‌ని మళ్లీ మేం చూడలేదు.

ఇక అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్తాను, ఇది జాగ్రత్తగా చదవండి. 5,000 ఫోన్‌పేలో కట్టించుకున్నారు. మిగతా 63,000 నెలకు 5,250 చొప్పున 12 నెలలు కట్టుకోవచ్చు, వడ్డీ లేదు అన్నారు. నేను ఇన్‌స్టిట్యూట్‌కి వాయిదాల్లో కడుతున్నా అనుకున్నాను. ఆవిడ నా ఫోన్ తీసుకుని ఒక యాప్ ఎక్కించింది, ఆధార్, పాన్ ఫోటోలు తీసింది, సెల్ఫీ తీయమంది. ఓటీపీలు వరసగా మూడో నాలుగో వచ్చాయి. ‘చదవండి మేడమ్’ అంటే చదివాను, తను టైప్ చేసుకుంది. పావుగంటలో అయిపోయింది. ఆ పావుగంటలో నేను ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర అప్పు తీసుకున్నాను, ఆ డబ్బు మొత్తం ఇన్‌స్టిట్యూట్ ఖాతాలో పడింది. అంటే మొదటి క్లాసు కాకముందే వాళ్ల డబ్బు వాళ్లకు ముట్టింది. ఆ తర్వాత నేను క్లాసుకు వస్తే వాళ్లకేంటి, రాకపోతే వాళ్లకేంటి?

ఇలాంటి అప్పుకి ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అంటారు. అసలు ఎంత, మొత్తం ఖర్చు ఏడాదికి ఎంత శాతం పడుతుంది, ఫిర్యాదు ఎవరికి చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. డిజిటల్ అప్పు తీసుకున్నాక మనసు మారితే, అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడడానికి కూలింగ్ ఆఫ్ గడువు కూడా ఉంటుంది. అది చాలా తక్కువ రోజులు, ఎన్ని రోజులో ఆ పత్రంలోనే రాసి ఉంటుంది. నాకు ఆ పత్రం ఈమెయిల్‌కి వచ్చింది. నేను తెరిచింది రెండు నెలల తర్వాత. ఇందులో తప్పు నాదే, ఒప్పుకుంటాను.

క్లాసుల సంగతి. చెప్పడానికి వచ్చినాయన మాకంటే రెండేళ్లు సీనియర్, అంతకుముందు బ్యాచ్‌లో అదే కోర్సు చేసినవాడు. సైట్‌లో ఒక్కరోజు పనిచేయలేదని తనే ఒకసారి టీ తాగుతూ చెప్పాడు. పాపం, మంచివాడే, ఆయన్నేమీ అనలేం. సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మా ల్యాప్‌టాప్‌లలో క్రాక్ వెర్షన్ ఎక్కించారు. కాలేజీలో చదువుతున్నవాళ్లకి రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ తన ఎడ్యుకేషన్ సైట్‌లో రెవిట్, ఆటోక్యాడ్ ఉచితంగానే ఇస్తుంది, ఏడాదికోసారి రెన్యువల్ చేసుకోవచ్చు. ఇంకా కాలేజీలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ అది ముందు తీసుకోండి.

‘లైవ్ సైట్ విజిట్’ అని ఒక ఆదివారం బాచుపల్లి వైపు తీసుకెళ్లారు. అపార్ట్‌మెంట్ అప్పటికే పూర్తయ్యింది, రంగులు వేస్తున్నారు. రాడ్డు కనబడదు, సెంట్రింగ్ కనబడదు. హెల్మెట్లు ఎనిమిదే ఉన్నాయి. ఎనిమిది మంది పెట్టుకుని డ్రాయింగ్ పట్టుకుని వేలు చూపిస్తున్నట్టు ఫోటో దిగడం, విప్పి తర్వాతి ఎనిమిది మందికి ఇవ్వడం. చెమటకి ఆ హెల్మెట్ లోపలి పట్టీ తడిసిపోయి ఉంది, నా వంతు వచ్చేసరికి తుడుచుకుని పెట్టుకున్నా. వారం తిరక్కుండా ఆ ఫోటో వాళ్ల ప్రకటనలో వచ్చింది. నేను మూడో వరసలో ఉన్నాను.

బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ రాడ్డు ఎంత పొడవు, ఎన్ని కిలోలు అని రాసే పట్టిక) నేర్పిన తీరు చెప్తే నవ్వొస్తుంది, కానీ నాకు అప్పుడు ఏడుపొచ్చింది. సెలవుకి ఇంటికొచ్చి, క్లాసులో చేసిన ఎక్సెల్ షీటు గర్వంగా నాయనకు చూపించాను. మూడంతస్తుల బిల్డింగ్, 16 ఎం.ఎం. రాడ్లు ఎనిమిది ఉన్న పిల్లరు. నాయనకు ఎక్సెల్ రాదు, ఇంగ్లీషు రాదు. నేను చదివి వినిపించాను. విని, కాసేపు ఆగి, ‘ల్యాపింగ్ ఏదమ్మా?’ అన్నాడు. ‘పిల్లరు రాడ్డు కింది నుంచి పైదాకా ఒక్కటే నిలబెడతారా? స్లాబు స్లాబుకి అతుకు రావాలి కదా.’ షీటులో లేదు. సైట్ల మీద మామూలుగా వేసే, రాడ్డు మందానికి 50 రెట్ల లెక్కన 16 ఎం.ఎం. రాడ్డుకి అతుకు 80 సెంటీమీటర్లు. రెండు చోట్ల అతుకు, ఎనిమిది రాడ్లు అంటే 12.8 మీటర్లు. మీటరుకి 1.58 కిలోలు. ఒక్క పిల్లరుకే 20 కిలోలు తేడా. ఇరవై పిల్లర్లుంటే 400 కిలోల స్టీలు లెక్కలోనే లేదు. కిలో 60 వేసుకున్నా 24,000. ఏడో తరగతి చదివిన మనిషికి వింటూనే దొరికిన తప్పు, 31 మంది ఇంజనీర్లం కలిసి మూడు వారాలు కాపీ కొట్టుకున్నాం. రింగులకి హుక్కు కొలత కూడా వదిలేశారని మరునాడు పొద్దున చెప్పాడు. రాత్రే చెప్తే బాధపడతానని ఆగాడట.

ఇంకో అవమానం ఉంది. సొంతంగా ఒక ఇంటర్వ్యూ వెతుక్కుని కొంపల్లి వెళ్లాను. అక్కడ పెద్దాయన ఒకటే ప్రశ్న అడిగాడు: ‘గోడకి రెండు పక్కలా ప్లాస్టరింగ్, మధ్యలో మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు తలుపు. కొలతలోంచి ఎంత తీసేస్తావమ్మా?’ రెండు పక్కలా తీసేస్తా సార్ అన్నా. మాకు అలాగే చెప్పారు. ఆయన నవ్వి, ఐఎస్ 1200 ఎప్పుడైనా చూశావా అన్నాడు. కట్టడం పనులు ఎలా కొలవాలో చెప్పే భారత ప్రమాణం అది, అందులో కొలత పద్ధతి స్పష్టంగా ఉంది. అర చదరపు మీటరు లోపు ఖాళీకి ఏమీ తీయకూడదు, అక్కణ్ణుంచి 3 చదరపు మీటర్ల దాకా ఒక పక్కే తీయాలి, 3 దాటితే రెండు పక్కలా తీసి లోపలి అంచుల ప్లాస్టరింగ్ కలపాలి. తలుపు 2.1 చదరపు మీటర్లు, కాబట్టి ఒక పక్కే. బిల్లింగ్ ఇంజనీర్ రోజూ కాంట్రాక్టర్‌తో గొడవపడేది సరిగ్గా ఈ లెక్కల మీదే. మా మూడు నెలల కోర్సులో ఆ కోడ్ పేరు కూడా వినబడలేదు.

ప్లేస్‌మెంట్ మాట కొస్తే మూడు కాల్స్ వచ్చాయి. ఒకటి షాద్‌నగర్ సైట్‌లో సూపర్‌వైజర్, 12,000. నేను వదిలేసి వచ్చిన జీతం కంటే తక్కువ. రెండోది ప్లాట్లు అమ్మే ఆఫీసులో టెలీకాలర్. మూడోది కాల్ కూడా కాదు, ఒక జాబ్ సైట్ లింకు వాట్సాప్‌లో పంపారు. ఫీజు వాపసు అడిగితే అగ్రిమెంట్ చూపించారు. చిన్న అక్షరాల్లో ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్, మూడు అవకాశాల వరకు’ అని ఉంది. గ్యారంటీ అనే మాట కాగితంలో ఎక్కడా లేదు. ‘వీడియోలో ఉంది కదా’ అంటే, ‘అది మార్కెటింగ్ టీమ్ చేసింది మేడమ్’ అన్నారు. వాళ్ల మార్కెటింగ్ టీమ్ పక్క గదిలోనే కూర్చుంటుంది.

నేను కోపంతో రెండు ఈఎంఐలు ఆపేశాను. అది మాత్రం మీరు చేయకండి. అప్పు ఇచ్చినవాడికి క్లాసు బాగుందా లేదా అనవసరం. సిబిల్ స్కోరు పడిపోయింది, రిఫరెన్స్ అని రాసిన నాయన నంబరుకి కాల్స్ మొదలయ్యాయి. పరంజా మీద నిలబడి పనిచేసుకునే మనిషి ఆ కాల్స్ ఎత్తి ‘కడతాం సారూ’ అనడం విన్నాక, చెవి కమ్మలు తాకట్టు పెట్టి కట్టేశాను.

సర్టిఫికెట్ ఇంకా నా దగ్గరే ఉంది. బాగా మెరుస్తుంది. పైన కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ గుర్తు, కింద ఐఎస్‌ఓ 9001, ‘భారత ప్రభుత్వ రిజిస్టర్డ్’ అని ఒక ముక్క. వీటి అర్థం తర్వాత తెలుసుకున్నాను. ఎంఎస్‌ఎంఈ అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఏ చిన్న వ్యాపారమైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా, తన మాట మీద తనే చేసుకునేది. టీ కొట్టుకి కూడా ఉండొచ్చు. ఐఎస్‌ఓ 9001 సంస్థ నడిపే పద్ధతికి సంబంధించింది, కోర్సులో ఏం చెప్తారన్నదానికి కాదు. ఐఎస్‌ఓ సంస్థ తనకు తానుగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు కూడా. నిజంగా ప్రభుత్వ గుర్తింపున్న నైపుణ్య కోర్సు అయితే ఎన్‌సీవీఈటీ (నైపుణ్య శిక్షణను నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తించిన సంస్థ పేరు, ఎన్‌ఎస్‌క్యూఎఫ్ లెవెల్ (కోర్సు ఏ స్థాయిదో చెప్పే అంకె) ఉంటాయి, స్కిల్ ఇండియా పోర్టల్‌లో వెతికితే దొరుకుతుంది.

జీఎస్టీ సంగతి అన్నింటికంటే తేలిక, ముందే చూసి ఉంటే అసలు చేరేదాన్నే కాదు. ఇలాంటి కోర్సు ఫీజు మీద 18 శాతం పన్ను ఉంటుంది. నా రసీదు మీద ‘జీఎస్టీతో కలిపి’ అని ఉంది, నంబరు లేదు. గొడవపడితే ఇచ్చారు. తెలంగాణది అయితే 36తో, ఆంధ్రాది అయితే 37తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలు. జీఎస్టీ పోర్టల్‌లో వేస్తే యజమాని అసలు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ వచ్చేస్తాయి, లాగిన్ కూడా అక్కర్లేదు. ‘12 ఏళ్ల అనుభవం’ ఉన్న మా సంస్థకి నేను చేరేనాటికి ఎనిమిది నెలలు.

ఎవరికైనా చేరాలనే ఉంటే డెమో కాదు, నడుస్తున్న బ్యాచ్ మధ్యలో ఒక క్లాసు కూర్చోనివ్వమనండి. ఐఎస్ 1200, ఐఎస్ 456 (కాంక్రీట్ కోడ్) ఏ వారంలో చెప్తారో అడగండి. నిజమైన ప్రాజెక్టు డ్రాయింగ్ ఇచ్చి మీ చేత మొత్తం క్వాంటిటీ తీయిస్తారా, తీసింది సైట్ బిల్లుతో సరిచూస్తారా అడగండి. ఉద్యోగం వచ్చిందని గోడ మీద ఫోటో ఉన్నవాళ్లలో ఇద్దరితో మాట్లాడించమనండి. ఫోన్ మీ చేతిలోంచి జారనివ్వకండి, ఓటీపీ నోటితో చెప్పకండి. వాయిదాలైతే నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కే, నెల నెలా. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. బస్సు చార్జీయే పోతుంది.

తక్కువ ఖర్చులో కావాలంటే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్, కాంక్రీట్ టెక్నాలజీ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. హైటెక్ సిటీ దగ్గర 1998 నుంచి నాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఉంది, అక్కడ ఇప్పుడేం నడుస్తున్నాయో వెళ్లి అడగండి. నిజం చెప్పాలంటే నేను ఎక్కువ నేర్చుకుంది వీటన్నిటికంటే నాయన వెనకాల రెండు స్లాబులు తిరిగి. రసమట్టం పట్టుకోవడం కూడా అప్పుడే సరిగ్గా వచ్చింది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు 1915కి చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నాకు వాళ్ల ద్వారానే మొదటిసారి ఇన్‌స్టిట్యూట్ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చింది. అప్పటిదాకా అన్నీ నోటి మాటలే. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. అప్పిచ్చిన కంపెనీ మీద అయితే ముందు వాళ్లకే రాసి, 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి. నూరు శాతం ఉద్యోగం లాంటి అబద్ధపు హామీలతో కోచింగ్ ప్రకటనలు ఇవ్వకూడదని 2024 నవంబర్‌లో కేంద్రం మార్గదర్శకాలు కూడా తెచ్చింది, ఫిర్యాదులో ఆ మాట రాయండి. ఏది చేసినా ముందు ఆ వీడియో ప్రకటన స్క్రీన్ రికార్డ్ చేసి పెట్టుకోండి. మాది, ఫిర్యాదు వెళ్లిన మూడో రోజుకే మాయమైంది.

పోయిన వారం వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. 20,000 ఇస్తారట, నేను పెట్టిన రివ్యూ తీసేసి, ఇంక ఏమీ అడగనని సంతకం పెట్టాలట. నాయన ‘వచ్చిందే చాలు, తీసుకోమ్మా’ అంటున్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు.

ఆ బ్యాచ్‌లో నాతో చదివినవాళ్లు ఎవరైనా ఇది చూస్తే ఒక సాయం చేయండి. మన వాట్సాప్ గ్రూపు వాళ్లు తీసేశారు, ‘ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసు’ అని కౌన్సిలర్ పంపిన వాయిస్ మెసేజ్ నా ఫోన్‌లో సగమే ఉంది. మీ దగ్గర మొత్తం ఉంటే ఇన్‌బాక్స్‌లో పంపండి. కేసు వచ్చే వాయిదా లోపు కావాలి.