చికాగో నదిలో చెత్త ఏరిన శనివారం

చికాగోలో నది పక్కన హోటల్ తీసుకుందామనుకునేవాళ్ళు ముందు మా గోడు వినండి. 'రివర్ వ్యూ' అని రాసి ఉన్న గదికి రాత్రికి 249 డాలర్లు పెట్టాం. అలాంటివి రెండు గదులు, రెండు రాత్రులు. మా మామయ్యగారు ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో, అంటే గోదావరి ఆనకట్ట దగ్గర, పనిచేసి రిటైరయిన మనిషి. ఏ ఊరు వెళ్ళినా ముందు నీళ్ళెక్కడున్నాయని అడుగుతారు. ఆయన కోసమే ఈ సోకంతా. తీరా కర్టెన్ లాగితే ఎదురుగా ఏడంతస్తుల పార్కింగ్ బిల్డింగు! దానికీ పక్క టవరుకీ మధ్య సందులో, అద్దానికి చెంప ఆనించి చూస్తే, ఓ చారెడు నది కనిపిస్తుంది. "కనిపిస్తోందిగా బాబూ, లేదనడానికి లేదు" అన్నారు మామయ్యగారు. వెటకారమో ఓదార్పో నాకు అర్థం కాలేదు.

అక్కడితో ఆగినా ఊరుకునేవాణ్ణి. గదికి రోజుకి 28 డాలర్లు 'అమెనిటీ ఫీ' అన్నారు. అదెందుకంటే, నది ఒడ్డున తొక్కుకోవడానికి సైకిళ్ళు ఫ్రీ, లాబీలో నిమ్మచెక్కలు వేసిన నీళ్ళు ఫ్రీ. మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని మరీ కిందికి దిగింది. హోటల్ మొత్తానికి సైకిళ్ళు రెండేనట, రెండూ రిపేరుకి వెళ్ళాయట. అయితే ఆ ఫీ తీసెయ్యండి అన్నాను. వాడినా వాడకపోయినా కట్టాల్సిందే అని కౌంటర్లో ఉన్నాయన చక్కగా నవ్వుతూ చెప్పాడు. మేనేజర్ కోసం అరగంట నిలబడితే ఆవిడ వచ్చి రెండు మంచినీళ్ళ బాటిళ్ళు చేతిలో పెట్టింది. 112 డాలర్లకి రెండు బాటిళ్ళు! కారు పెట్టుకున్నందుకు రాత్రికి 68 డాలర్లు వేరే. "నాన్నగారి ముందు ఈ గొడవేంటి, వదిలెయ్యండి" అని మా ఆవిడ గొణుగుడు. ఆ నాన్నగారేమో అప్పటికే అంతా రూపాయల్లోకి మార్చేశారు. లెక్క తేలాక ఆ పూట టిఫినే వద్దన్నారు.

కాబట్టి నా మాట వినండి. నేపర్‌విల్, అరోరా లాంటి శివారు ఊళ్ళ వైపు మామూలు హోటల్లో దిగి, మెట్రా రైలెక్కి ఊళ్ళోకి రండి. మేం వెళ్ళినప్పుడు శని, ఆదివారాల్లో రోజంతా తిరిగే టికెట్ 7 డాలర్లు. రైలు దిగి నాలుగడుగులు వేస్తే నది అదే కనిపిస్తుంది, దానికి ఫీజు లేదు.

రివర్‌వాక్ బావుంది. నదికి దక్షిణపు ఒడ్డున రెండు కిలోమీటర్ల దారి. అక్కడి దుకాణాల్లో మాత్రం ఏమీ కొనకండి, నీళ్ళ బాటిలే 6 డాలర్లు. నీళ్ళ దాకా దిగే వెడల్పాటి మెట్ల మీద కూర్చుని అత్తయ్యగారు కట్టిన పులిహోర తిన్నాం.

తర్వాత నది మీద తిప్పుతూ ఒడ్డునున్న మేడలు చూపించే బోటెక్కాం. టికెట్లు పెద్దవాళ్ళకి 46, పాపకి 23, అంతా కలిపి 207 డాలర్లు. గైడ్ జోకులకి గైడే నవ్వుకున్నాడు. మేడల పేర్లు వినీ వినీ అత్తయ్యగారు కునుకు తీశారు. బోటు సరస్సులోకి వెళ్ళే లాకుల దగ్గరికి వచ్చాక మామయ్యగారు మాత్రం లేచి రెయిలింగ్ పట్టుకున్నారు. గేటు మూసుకోవడం, నీళ్ళు మెల్లగా లేవడం, అవతలి గేటు తెరుచుకోవడం. "మన లాకులే! అంతా మన లాకుల పద్ధతే!" అని కూతురి భుజం పట్టుకుని ఊపేశారు. ఇక్కడ మిషిగన్ సరస్సు మట్టం నది కంటే రెండు నుంచి అయిదు అడుగులు ఎత్తులో ఉంటుంది. మామూలుగా అయితే నది పోయి సరస్సులో కలవాలి, ఒకప్పుడు కలిసేది కూడా. ఊరి మురుగంతా అలాగే పోయి తాగే నీళ్ళలో పడుతుంటే, 28 మైళ్ళ కాలువ తవ్వి 1900లో నదిని వెనక్కి తిప్పేశారు. అప్పట్నుంచీ సరస్సు నీళ్ళే నదిలోకి వస్తున్నాయి. మురుగు మిసిసిపీ వైపు పోతోంది. ఇదంతా విని మామయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే కిందూరివాళ్ళ గతేంటి?" అన్నారు. డెల్టాలో పుట్టినవాళ్ళకి వచ్చే ప్రశ్నే అది. మా గైడ్ దగ్గర దానికి జోకు లేదు.

అసలు ఇదంతా రాయడం శనివారం గురించి. నది మధ్యలో ఉన్న గూస్ ఐలాండ్ అనే దీవికి తూర్పున నది పాయ ఒకటుంది. నిజానికి అది 1850ల్లో ఇటుకల మట్టి కోసం తవ్విన కాలువ. రెండు పక్కలా నిలువుగా ఇనప రేకుల గోడలే, గట్టన్నది లేదు. చేప గుడ్లు పెట్టాలన్నా, తాబేలు పైకి పాకాలన్నా చోటుండదు. అర్బన్ రివర్స్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్ళు అక్కడ తేలే తోటలు కట్టారు. దాని పేరు వైల్డ్ మైల్. నీళ్ళ మీద తెప్పల్లాంటి చట్రాలు, వాటిలో ఈ ప్రాంతపు గడ్డి, పూల మొక్కలు, పక్కనే నడవడానికి తేలే చెక్క దారి. లోపలికి రావడానికి టికెట్ లేదు. ముందుగా పేరు రాయించుకుంటే కయాక్, లైఫ్ జాకెట్, పొడుగాటి పట్టకారు, బకెట్ వాళ్ళే ఇస్తారు. వెళ్ళి చెత్త ఏరి తేవాలి, అంతే. ఊళ్ళో కయాక్ అద్దెకి గంటకి 35 డాలర్లు అడిగారు. ఇక్కడ డబ్బుల ఊసే లేదు.

నేనూ మా ఆవిడా దిగాం. కయాక్‌లో కూర్చుని మొక్కల పక్కకి వెళితే నీళ్ళలోకి వేళ్ళు జడల్లా వేలాడుతూ కనిపిస్తాయి. వాటి మధ్య పిల్ల చేపలు. వాటికి అడ్డంగా థర్మాకోల్ పూసలు. బాటిళ్ళు, చిప్స్ కవర్లు పట్టకారుకి ఇట్టే దొరుకుతాయి గానీ ఈ పూసలు దొరకవు, చేత్తో నొక్కి తీస్తే ఇంకో పదిగా విరుగుతాయి. మా ఆవిడ ఒకే చోట ఇరవై నిమిషాలు కూర్చుని మొక్కల వేళ్ళు చెదరకుండా ఒక్కొక్కటీ తీసింది. ఇంట్లో నా టేబుల్ సర్దేటప్పుడు ఆ ఓపిక ఎప్పుడూ చూడలేదు. నా బకెట్లో ఒక ఫుట్‌బాల్, ఎడమ కాలి చెప్పు, లెక్కలేనన్ని మూతలు. దుంగ మీద ఎండ కాచుకుంటున్న తాబేళ్ళు మమ్మల్ని లెక్కే చెయ్యలేదు. 2023లో ఇదే నదిలో ఓ భారీ తాబేలు వీడియో ఊరంతా తిరిగి, దానికి చాంకోసారస్ అని పేరు కూడా పెట్టారు.

చెక్క దారి మీద ఇంకో కథ నడిచింది. అత్తయ్యగారు వంగి నీళ్ళు నెత్తిన చల్లుకుని దణ్ణం పెట్టుకున్నారు. అక్కడున్న వాలంటీరమ్మాయి కంగారుగా పరిగెత్తుకొచ్చి శానిటైజర్ ఇచ్చింది. "గంగమ్మ నీళ్ళకి శానిటైజరా?" అని ఆవిడకి కోపం. మా అమ్మాయి మధ్యలో దుబాసీ పని చేసింది. ఈ నీళ్ళు ఇంకా పూర్తిగా శుభ్రం కాలేదని వాలంటీరమ్మాయి భయం, అది నిజమే. మురుగు శుద్ధి ప్లాంట్ల నుంచి నదిలోకి వదిలే నీళ్ళలో క్రిములు చంపడం ఇక్కడ 2015-16లోగానీ మొదలవలేదు. గట్టి వాన పడితే ఇప్పటికీ మురుగు పొంగి నదిలోకి వస్తుంది. కాబట్టి పెద్ద వాన పడ్డాక ఒకట్రెండు రోజులు నీళ్ళ జోలికి పోకండి. అయినా మునుపటి కంటే చాలా నయం. 2025 సెప్టెంబర్‌లో ఊరి నడిబొడ్డున ఈత పోటీ పెట్టారు, అలాంటిది 1927 తర్వాత మళ్ళీ అప్పుడే.

మామయ్యగారు మాత్రం ఆ అమ్మాయిని వదల్లేదు. తెప్పల్ని లంగరు ఎలా వేశారు, వరదొస్తే ఎంత లేస్తాయి, చలికాలం మంచు గడ్డకడితే మొక్కలేమవుతాయి? ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని గొలుసు చూపించి మరీ చెప్పింది. జీతం ఎంతమ్మా అని కూడా అడిగేశారు, మేం ఆపేలోపే. జీతం లేదు, వారం వారం వస్తానంది. రాత్రి రాజమండ్రికి ఫోన్ చేసి స్నేహితుడితో గంట మాట్లాడారు. 2027 పుష్కరాల తర్వాత ఘాట్లలో మిగిలే చెత్తకి పట్టకారు కర్రలు ఎన్ని కావాలో ఇద్దరూ లెక్కలు వేసుకున్నారు. పొద్దుటి డాలర్ల లెక్క మర్చిపోయినట్టున్నారు, మనవాళ్ళ హోటళ్ళుండే డెవాన్ అవెన్యూలో దోసెలు రెండు తిన్నారు.

వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. శనివారం కయాక్‌లు ముందే నిండిపోతాయి, టూర్ అనుకోగానే పేరు రాయించండి. పెద్దవాళ్ళుంటే మొక్కల పక్కనున్న చెక్క దారిలో కూర్చోబెట్టండి చాలు. మార్చిలో ఐరిష్‌వాళ్ళ పండగ సెయింట్ పాట్రిక్స్ డేకి నదికి ఆకుపచ్చ రంగు కలుపుతారు, 1962 నుంచీ ఉన్న సరదా అది. కానీ చలి, జనం, హోటల్ రేట్లు మూడూ మోతెక్కిపోతాయి. పిల్లలతో అయితే జూన్‌లో వెళ్ళండి, టోపీ, దోమల క్రీమ్ మర్చిపోకండి.