బడ్జెట్ ల్యాప్‌టాప్, మూడేళ్ల తర్వాత: అంతా సరే, ఆ హింజ్ ఒక్కటే

నలభై వేల లోపు దొరికే 15.6 అంగుళాల ప్లాస్టిక్ బాడీ ల్యాప్‌టాప్. ప్రాసెసర్, పోర్టుల వివరాలు ఏ అమ్మకపు పేజీలో చూసినా ఉంటాయి, వదిలేస్తున్నా. మూడేళ్లు వాడాక గట్టిగా చెప్పాలనిపించేది హింజ్ గురించే, అంటే స్క్రీన్‌ని కింది భాగానికి కలిపే ఉక్కు కీలు గురించే.

కొన్న కొత్తలో ఎవరడిగినా "స్క్రీన్ అసలు ఊగదు, ఎక్కడ నిలిపితే అక్కడే ఉంటుంది" అని మెచ్చుకున్నాను. ఆ మెప్పును ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. ఊగకపోవడానికి కారణం హింజ్ అవసరానికి మించి బిగుతుగా ఉండటమే. ఆ ఉక్కు ముక్క దేన్ని పట్టుకుని నిలబడిందో వెనక మూత విప్పితే తెలుస్తుంది. ప్లాస్టిక్ గుబ్బల్లోకి దింపిన బుల్లి ఇత్తడి నట్లు, అంతే. స్క్రీన్ ఎత్తిన ప్రతిసారీ వాటిని పెరికే బలం పడుతుంది. వాడేకొద్దీ హింజ్‌లోని గ్రీజు ఎండి బిగుతు ఇంకా పెరుగుతుంది, గుబ్బలో మాత్రం సన్నని పగుళ్లు మొదలవుతాయి. ఉక్కుకీ ప్లాస్టిక్‌కీ తగువొస్తే ఓడేదెవరో తెలిసిందే.

ముందు తెరిచేటప్పుడు టిక్కుమని చప్పుడు. తర్వాత వెనక మూలలో పైభాగం, అడుగుభాగం కలిసే చోట గోరు దూరేంత సందు. అక్కడ ఆపేసి బాగుచేసుకుంటే చవకలో పోతుంది. ఆపకపోతే సందు పెరిగి, హింజ్ పక్కగా వెళ్లే డిస్‌ప్లే కేబుల్ నలుగుతుంది. ఒక కోణంలో స్క్రీన్ మిణుకుమిణుకుమంటూ, కాస్త కదిపితే సర్దుకుంటే కేబుల్‌నే అనుమానించాలి. హెచ్‌డీఎంఐతో టీవీకి పెట్టి చూడండి. అక్కడ బొమ్మ నిలకడగా ఉంటే మదర్‌బోర్డు దాదాపు క్షేమమే. వైఫై యాంటెనా తీగలూ చాలా మోడళ్లలో అదే దారిన స్క్రీన్ వైపు వెళ్తాయి, సిగ్నల్ ఉన్నట్టుండి బలహీనపడితే ఆ తీగలనీ చూడాలి.

వారంటీలో ఉన్నప్పుడే విరిగినా సర్వీస్ సెంటర్ వాళ్లు తరచూ "ఫిజికల్ డ్యామేజ్" అని రాసి బాడీ మొత్తం మార్చాలంటారు. చేత్తో చేసుకునే పని ఇలా ఉంటుంది. ఛార్జర్ తీసి, షట్‌డౌన్ చేసి, అడుగు స్క్రూలన్నీ విప్పాలి. రబ్బరు కాళ్ల కింద రెండు దాక్కుని ఉండొచ్చు, మరవకండి. పాత ఏటీఎం కార్డుతో అంచు చుట్టూ తెరిచి, అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి. ఊడిన నట్టు చోట ప్లాస్టిక్‌ను గరుకు కాగితంతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నట్టును యథాస్థానంలో కూర్చోబెట్టి చుట్టూ ఎపాక్సీ (రెండు ట్యూబులలోది కలిపి వాడే గట్టి జిగురు) వేయాలి. మరలోకి జిగురు పోకుండా స్క్రూకి కాస్త గ్రీజు రాసి బిగించి ఉంచండి. ఇరవైనాలుగు గంటలు స్క్రీన్ ముట్టుకోవద్దు. సూపర్‌గ్లూ వద్దు; గాజులా పెళుసు, నాలుగుసార్లు తెరిస్తే మళ్లీ మొదటికే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అందుకే మళ్లీ విరుగుతుంది. బిగుతు తగ్గించకుండా అంటించి లాభం లేదు. హింజ్ ఇరుసు చివర నట్టు ఉంటే దాన్ని పావు చుట్టు వదులు చేయాలి, రెండు వైపులా సమానంగా. నట్టు లేకుండా రేకు చుట్టిన రకమైతే వదులు చేసే దారే లేదు, హింజ్ జత మార్చుకోవడమే. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోట మోడల్ నంబరు చెప్పి అడగొచ్చు, కుడి ఎడమ వేరువేరని గుర్తుంచుకోండి.

ఊహించని మేలు ర్యామ్ దగ్గర దొరికింది. 8 జీబీలో గ్రాఫిక్స్ తన వాటా తీసుకున్నాక ఆరు దగ్గర మిగిలేది, పాతిక ట్యాబులకే రొప్పేది. ఖాళీ స్లాటులో ఇంకో 8 జీబీ డీడీఆర్4 పెట్టాక డ్యూయల్ ఛానెల్ (రెండు ర్యామ్‌లూ ఒకేసారి పనిచేసే పద్ధతి) వచ్చి, విడి గ్రాఫిక్ కార్డు లేకపోయినా వీడియో ఎడిటింగ్ నడుస్తోంది. స్క్రీన్ మాత్రం చవక రకం టీఎన్ ప్యానెలే. పక్కన కూర్చున్నవారికి రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి, ఫొటోల పనికి పనికిరాదు. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఇప్పుడు 30 దగ్గర ఉంది. రోజంతా ప్లగ్‌లో ఉంచేవాళ్లు ఛార్జింగ్‌ను 80 శాతానికి పరిమితం చేసే సెట్టింగ్ మొదటిరోజే పెట్టుకోవాలి, నేను ఆలస్యంగా పెట్టాను.

ఈ ధరలో ఏది కొన్నా దుకాణంలో ఒక పరీక్ష చేయండి: ఒంటిచేత్తో స్క్రీన్ ఎత్తండి. కింది భాగం కూడా లేచి వస్తుంటే బిగుతు ఎక్కువన్నట్టే. కొన్నాక మూల పట్టుకుని కాక, పైఅంచు నడిమధ్య పట్టుకుని తెరవండి.

నాది ఎక్కువగా బల్లమీదే, విడి మానిటర్‌తో నడుస్తుంది, రోజుకు ఒకసారి తెరిస్తే గొప్ప. అలా వాడేవాళ్లకు డబ్బుకు తగ్గ మెషీనే. సంచిలో కాలేజీకి మోస్తూ రోజుకు పదిసార్లు తెరిచే పిల్లలకు నేనైతే ఇది చెప్పను, ఆ డబ్బుకే లోహపు బాడీ ఉన్న సెకండ్‌హ్యాండ్ బిజినెస్ మోడల్ చూడమంటాను. అదైనా విండోస్ 11 తీసుకునే తరానిదై ఉండాలి, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసిపోయింది. నా ఎపాక్సీ ఎనిమిది నెలలుగా నిలిచింది. స్క్రీన్ మాత్రం ఇప్పుడు కాస్త ఊగుతోంది.