పొగతోట సందులో కౌన్సెలింగ్ సెంటర్, నెల్లూరు: టైమ్ అంటే టైమే, 4 స్టార్లు

ముందు రేటింగ్ చెప్పేస్తా, 5కి 4. ఒక స్టార్ ఎందుకు కోశానో కింద రాస్తా కానీ మిగతా నాలుగూ ఒకే కారణానికి ఇచ్చా, వీళ్ళు చెప్పిన టైముకి లోపలికి పిలుస్తారు. ఇదేం గొప్పా అంటారేమో, పొగతోట ఆసుపత్రుల్లో పొద్దున టోకెన్ తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చోవడం మనకి అలవాటే కదా. నాలాంటోళ్ళకి మాత్రం ఇది చిన్న విషయం కాదు.

మాది ఇందుకూరుపేట వైపు, నాయన రొయ్యల గుంటలు చేసేవాడు, టైగర్ రొయ్య రోజులు. పంట చేతికొస్తే ట్రంకు రోడ్డుకి తీసుకెళ్ళి అందరికీ బట్టలు, అమ్మకి గాజులు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ కోస్తా అంతా కొట్టింది చూడండి, ఆ దెబ్బకి అవే గాజులు తాకట్టుకి పోయాయి. డబ్బుల్లేకపోవడం కాదండీ అసలు సమస్య, మా వీధిలో మాకంటే లేనోళ్ళు బోలెడు మంది. సాయంత్రం బండి చప్పుడు వినపడితే ఇవాళ వచ్చేది జిలేబీ పొట్లం తెచ్చే నాయనా బెల్టు తీసే నాయనా తెలిసేది కాదు, నిన్న తను నవ్విన మాటకే ఇవాళ కొట్టేవాడు, ఒక్కోసారి అమ్మ చెప్పాపెట్టకుండా మమ్మల్ని తీసుకుని ఆత్మకూరులో అమ్మమ్మ వాళ్ళింటికి బస్సెక్కేసేది, మళ్ళీ బడికి ఎప్పుడు పోతామో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు ఉద్యోగం, ఇల్లు, పిల్లలు అన్నీ ఉన్నాయి. అయినా మా ఆవిడ ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే గుండె దడ, మేనేజర్ ‘ఒకసారి రా’ అని మెసేజ్ పెడితే ఆ రోజు అన్నం దిగదు. పండగ రోజు కూడా సంతోషంగా ఉండటం చేతకాదు, ఏదో జరగబోతోందని కాచుకుని కూర్చుంటా.

ఇక్కడ కౌన్సెలింగ్ చేసే మేడమ్ మొదట్లోనే ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు, 38 ప్రశ్నలు, 2019లో అమెరికాలో తయారైందంట, పేరు క్విక్. దెబ్బలు తిన్నావా అని అడుగుతారనుకుంటే అది కాదు, ఇంట్లో పనులు ఒక పద్ధతిలో జరిగేవా, అమ్మానాన్న అన్నమాట మీద ఉండేవాళ్ళా, తరచూ ఇళ్ళు మారారా, ఇట్టాంటివి. చిన్నప్పుడు ఇల్లు ఎప్పుడెట్టా ఉంటుందో తెలీకుండా పెరిగినోళ్ళలో పెద్దయ్యాక ఆందోళన, డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తాయంట, అందరికీ రావాలని రూలేం లేదని కూడా ఆమే చెప్పారు. కాలిఫోర్నియాలో టాలీ బరామ్ అనే ఆవిడ ల్యాబులో ఎలుకల మీద చూశారంట. తల్లికి గూడు కట్టుకునే సామాను సరిపడా ఇవ్వకపోతే పిల్లల్ని చూసుకునే మొత్తం టైమ్ పెద్దగా తగ్గలేదు, కానీ చూడటం ముక్కలుముక్కలుగా, ఒక పద్ధతీ పాడూ లేకుండా అయిపోయింది. ఆ పిల్లలకి పెద్దయ్యాక తీపి మీద, తోటి ఎలుకలతో ఆట మీద ఇష్టం తగ్గింది. పండగ రోజు నా మొహం గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అందుకే టైమ్ సంగతి అంత చెప్తున్నా. ఇంతకుముందు ఇంకోచోటికి వెళ్ళా, పేరు వద్దులే, వెళ్ళాక సార్ రాలేదనేవాళ్ళు, ఇంకోసారి వేరే మనిషి, కథ మళ్ళీ మొదట్నించి చెప్పుకోవాలి, ఆ బెంచీ మీద కూర్చుంటే మళ్ళీ బండి చప్పుడు కోసం ఎదురుచూసినట్టే ఉండేది. ఇక్కడ అదే రోజు, అదే గంట, అదే మనిషి. మేడమ్ సెలవు పెడితే వారం ముందే చెప్తారు, మళ్ళీ ఎప్పుడో డేట్ రాసిచ్చి మరీ పంపిస్తారు. నాకైతే సగం వైద్యం ఇదే.

ఇక కోసిన స్టార్. రిసెప్షన్లో అమ్మాయి ఇంటిపేరుతో సహా గట్టిగా పిలుస్తుంది, నెల్లూరు ఎంత ఊరండీ, పక్కన కూర్చున్నోడు మా బాబాయి స్నేహితుడు అయ్యుంటాడు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలోనే మన వివరాలు గోప్యంగా ఉంచాలని ఉంది, టోకెన్ నంబరుతో పిలిస్తే పోయేదేముంది. గోడ కూడా ప్లైవుడ్డు పార్టిషనే, ఫ్యాన్ ఆగితే లోపలి మాట బయటికొస్తుంది.

ఫీజు మన ఊరికి ఎక్కువే. అంత పెట్టలేనోళ్ళు 14416కి ఫోన్ చేయొచ్చు, టెలి మానస్ అని మానసిక ఆరోగ్యానికి గవర్నమెంటు హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఫ్రీ, రాత్రీపగలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎక్కడికెళ్ళినా క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, ఇక్కడ అడక్కముందే గోడకి తగిలించారు.

కావలి, ఒంగోలు నుంచి వచ్చేవాళ్ళు శనివారం స్లాట్ ముందే ఫోన్ చేసి పెట్టుకోండి, ఆదివారం మూసేస్తారు. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. కారు మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడిచి రండి, సందులో తిప్పడం కుదరదు.